గింజల డబ్బా

"గింజల డబ్బా ఏదమ్మా?"

నాన్న ఫ్రిజ్ ముందు నిలబడి అడిగాడు. ఐసు గడ్డకట్టే పై అర తలుపు తెరిచే ఉంది. ఆయన ఎడమ అరచేతిలో పొద్దున తాగిన నిమ్మరసం తాలూకు గింజలు, ఐదో ఆరో, ఇంకా తడిగా ఉన్నాయి.

పొయ్యి దగ్గర అక్కచెల్లెళ్లిద్దరూ తలెత్తారు. గిన్నెలో నారింజ తొక్కల పాకం మాత్రం ఎవరి గొడవా తనకు పట్టనట్టు కుతకుత ఉడుకుతోంది.

"ఏ డబ్బా నాన్నా?" అంది చిన్నమ్మాయి.

"నీలం మూత డబ్బా. ఐసు ట్రే వెనకాల ఉండాలి. నిన్న పొద్దున కూడా ఉంది."

పెద్దమ్మాయి గరిటె తిప్పుతూనే, గోడవైపు చూస్తూ అంది. "పారేశానని చెప్పు మీ నాన్నకి. నిన్న మధ్యాహ్నం ఫ్రిజ్ కడిగానుగా, అప్పుడు."

మీ నాన్నట. తనకేమీ కానట్టు. ఆ వంటగది ఎంతుంటుందని? ముగ్గురు నిలబడితే నాలుగో మనిషి గుమ్మంలో ఆగాలి. అక్క అన్న మాట నాన్నకి వినబడక పోదు. అయినా ఆయన చిన్నమ్మాయి మొహంకేసే చూస్తూ నిలబడ్డాడు, ఆమె చెబితే గాని వినడం మర్యాద కాదన్నట్టు.

"పారేసిందట నాన్నా" అంది చిన్నమ్మాయి.

ఆ ఇంట్లో ఆమెకి పెట్టిన పేరు పోస్టు. పదకొండేళ్ల క్రితం అక్క తనకు నచ్చినవాణ్ణి చేసుకుంటానంటే, గడప దాటితే మళ్లీ రావద్దన్నాడు నాన్న. అక్క దాటింది. అమ్మ వెళ్లి పెళ్లి రిజిస్టరులో సాక్షి సంతకం పెట్టొచ్చింది. ఆ రోజు నుంచి అమ్మా నాన్నా ఎడమొహం పెడమొహం. "మీ నాన్నకి చెప్పు, కూర చల్లారిపోతోందని." "నా తువ్వాలు ఎక్కడుందో మీ అమ్మనడుగు." "కళ్లెదుటే ఉందని చెప్పు." పదిహేనేళ్ల పిల్ల అడకత్తెరలో పోకచెక్కలా మధ్యన నిలబడి, ఇటు మాట అటూ అటు మాట ఇటూ మోసింది. మాటల్లో ఉన్న కారం దారిలో కాస్త తగ్గించడం కూడా నేర్చుకుంది. అమ్మ పోయి నెలా పది రోజులైంది కదా, ఇంక ఆ ఉద్యోగం ఊడిందనుకుంది. మూడు రోజుల క్రితం సంచీతో దిగిన అక్క, నాన్నతో నేరుగా మాట్లాడనని తేల్చేసరికి ఉద్యోగం మళ్లీ మెడకు చుట్టుకుంది.

"గింజలు పారేసిందా?" అన్నాడు నాన్న. "డబ్బానో?"

"కడిగి బోర్లించాను. అదిగో, గట్టు మీద. చెప్పు."

చెప్పే పనిలేకుండానే నాన్న గట్టు దగ్గరికి వెళ్లాడు. నీలం మూత తీసి, తిరగేసి, కిటికీ వెలుతురుకి పట్టాడు. నలభై ఏళ్లు వాచీలు బాగుచేసిన మనిషి, చిన్న వస్తువు చేతిలోకి వస్తే చెయ్యి దానంతటదే మెడలో వేలాడే భూతద్దం మీదికి పోతుంది. ఇప్పుడూ పోయింది. భూతద్దం కంటికి పెట్టుకుని మూత లోపలంతా చూశాడు. మూత తళతళలాడుతోంది.

"మూత కూడా తోమిందా?"

"పీచు పెట్టి మరీ తోమాను, చెప్పు."

నాన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆయన మనిషి పొడుగు. అంత పొడుగు మనిషి అలా సగానికి సగం అయిపోవడం చిన్నమ్మాయి ఆస్పత్రిలో ఒకసారి చూసింది, ఇప్పుడు చూస్తోంది. ఆమెకు భయం వేసింది.

"గింజలే కదా నాన్నా. ఏం కొంప మునిగింది?"

"మీ మార్మలేడ్ గడ్డకట్టిందా?" అన్నాడాయన.

కట్టలేదు. పొద్దున్నుంచి అదే గొడవ. మొన్న పళ్లమ్మే అతను, అమ్మగారు ఎప్పుడో చెప్పి పెట్టారంటూ ఒక బుట్టెడు నారింజలు గుమ్మంలో దించిపోయాడు. కుళ్లబెట్టడానికి మనసొప్పక అక్కచెల్లెళ్లు నిన్న సాయంత్రం తొక్కలు సన్నగా తరిగి, రసం తీసి, అన్నీ నీళ్లలో నానబెట్టారు. పొద్దున తొక్క వేళ్ల మధ్య నలిగేదాకా ఉడికించి, అప్పుడు చక్కెర పోశారు. తొక్క మెత్తబడక ముందే చక్కెర పడితే ఇంక ఎంత కాచినా మెత్తబడదని అమ్మ వందసార్లు చెప్పింది. అదొక్కటీ మర్చిపోలేదు. గింజల్ని గుడ్డలో మూటగట్టి తొక్కలతో పాటు ఉడికించాలనీ తెలుసు. కాని బుట్టెడు కాయలకీ కలిపి దొరికిన గింజలు ఇరవై దాటలేదు. ఐసులో పెట్టిన సాసర్ మీద చుక్క వేసి, వేలితో తోస్తే పైన సన్నగా ముడత పడాలి. మూడు సాసర్లు అయ్యాయి. మూడిటి మీదా చుక్క నీళ్లలా జారిపోయింది.

"కొట్లో పాకం గడ్డకట్టించే పెక్టిన్ పొడి దొరుకుతుంది, ఒక పొట్లం వేస్తే పది నిమిషాల పని" అని అక్క అంటూనే ఉంది. అమ్మ గిన్నెలో పొట్లం పొడి వెయ్యనని చెల్లెలు పట్టుబట్టింది.

"కట్టలేదు" అంది చిన్నమ్మాయి.

"కట్టదు. ఈ రకం కాయల్లో గింజలుండవు. గడ్డకట్టే గుణమంతా గింజల్లోనే ఉంటుందట. మీ అమ్మ చెప్పేది. అంటే, మాటలున్న రోజుల్లో చెప్పింది." నాన్న అరచేతిలోని గింజల్ని చూసుకున్నాడు. "ఏడాది పొడుగునా నిమ్మగింజలు దాస్తే గాని నాలుగు గుప్పిళ్లు కావు."

"అవి అమ్మ దాచేది కాదా?"

"నేను పొద్దున రసం తాగుతాను కదమ్మా. మీ అమ్మ తాగేది కాదుగా."

చిన్నమ్మాయి చేతిలోని సాసర్ గట్టు మీద పెట్టేసింది. ఆ డబ్బాని ఆమె వేలసార్లు చూసింది. ఏదో అమ్మ సరంజామా అనుకుంది. మార్మలేడ్ చేసే రోజు మూట కట్టే పని అమ్మ ఎవరికీ ఇచ్చేది కాదు, ఇంట్లో అందరూ లేవక ముందే కట్టేసేది. ఇంట్లో ఎవరు ఎవరికి ఏం చెప్పినా తన చేతుల మీదుగానే నడుస్తుందని పదకొండేళ్లు నమ్మిన పిల్ల ఆమె. తనకు తెలియని తపాలా ఒకటి ఐసు ట్రే వెనకాల నడిచిందని ఇప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. అందులో కాస్త ఉక్రోషం కూడా ఉంది.

"ఎన్ని కావాలో మూత లోపల గీతలు గీసేది" అన్నాడు నాన్న. "బట్టల మీద గుర్తులు పెట్టుకునే మైనం పెన్సిలుందిగా, దాంతో. నాలుగు గీతలంటే నాలుగు గుప్పిళ్లు. ఒక గుప్పెడు నిండగానే నేనొక గీత చెరిపేవాణ్ణి."

"మరి ఈసారి?"

నాన్న మూతని, తడి లేకపోయినా, చొక్కా అంచుతో తుడిచాడు.

"ఈసారి రాసింది నేనింకా చదవలేదు. కళ్లద్దాలు లేక."

భూతద్దం ఆయన గుండెల మీదే వేలాడుతోంది. చిన్నమ్మాయి దానివైపు చూసింది. ఆయన కూడా చూసుకుని, చొక్కాలోకి దోపుకున్నాడు.

పొయ్యి దగ్గర గరిటె ఆగింది. అక్క వెనక్కి తిరగలేదు.

నాన్న లేచి, ఆ ఆరు గింజల్నీ కడిగిన డబ్బాలో వేశాడు. మూత పెట్టాడు. "కింద కొట్లో నిమ్మకాయలుంటాయి. తెస్తాను" అని చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి నడిచాడు. అమ్మ పోయాక ఆయన మెట్లు దిగడం అదే మొదలు.

* * *

అడుగుల చప్పుడు కింది మలుపు దాటేదాకా అక్కచెల్లెళ్లు చెవి ఒగ్గి విన్నారు.

"పొయ్యి ఆపెయ్యి" అంది చిన్నమ్మాయి. "ఇంకా కాస్తే మాడుతుంది."

అక్క ఆపింది. ఆమె నర్సు. ఎవరి ప్రాణం పోతున్నా చేతులు వణకకుండా సూది గుచ్చే మనిషి. గరిటె పెట్టడానికి చోటు దొరకనట్టు అటూ ఇటూ చూసి, చివరికి చేతిలోనే ఉంచుకుంది.

"ఆయన చదవలేదట" అంది.

"విన్నాను."

"అబద్ధమేమో."

"నాన్న మొండివాడు అక్కా. అబద్ధాలకోరు కాదు."

చిన్నమ్మాయి ఆమె ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వు చదివావు కదూ?"

గరిటె కొసన పాకం చుక్క సాగి, నేల మీద పడింది. ఇంకో సమయంలో అయితే అక్క గుడ్డ తెచ్చి తుడిచి ఉండేది.

"చదివాను. చదివాకే కడిగాను."

"ఏం రాసింది?"

"ఎందుకులే."

"ఏం రాసిందే?"

అక్క గోడకేసి తిరిగి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "పెద్దదాన్ని పిలవండి. నేను కాదు, మీరే పిలవాలి. దాన్ని చూడాలని ఉంది." ఆగి, "కింద తేదీ కూడా వేసింది. ఆస్పత్రికి వెళ్లడానికి సరిగ్గా పది రోజుల ముందు" అంది.

నాన్న వదిలిన స్టూలు మీదే కూలబడింది చిన్నమ్మాయి.

ఆ పది రోజులూ ఆమెకు కళ్లకు కట్టినట్టు గుర్తున్నాయి. అమ్మకి ఒంట్లో బాగాలేదు, అక్కకి ఫోన్ చేస్తానంటే అమ్మ వద్దంది. "నువ్వు చెయ్యకు. చెయ్యాల్సినవాళ్లు చేస్తారు" అంది. ఏ చెయ్యాల్సినవాళ్లు అని అడిగితే, కంబళి మెడదాకా లాక్కుంది. రోజూ పొద్దున ఫ్రిజ్ తలుపు చప్పుడు కాగానే అమ్మ కళ్లు తెరిచేది. తరవాత ఫోనున్న గదివైపు చెవి పెట్టుకుని పడుకునేది. ఆకలేస్తోందా అమ్మా అంటే, ఊరుకో, వినబడదు అనేది. ఏం వినబడదో చిన్నమ్మాయికి అప్పుడు అర్థం కాలేదు.

"రోజూ గింజలు వెయ్యడానికి తలుపు తీసేవాడు కదే" అంది ఇప్పుడు. "అమ్మ ఆ చప్పుడు వినేది. నాన్న చదివేశాడనుకుంది. చదివి కూడా నిన్ను పిలవలేదనుకుంది. అలా అనుకునే పోయింది."

"నేనూ అలాగే అనుకున్నాను" అంది అక్క. "నిన్న ఆ మూత చేతిలో పట్టుకుని అరగంట నిలబడ్డాను. ఆయన ఫోన్ చేసి ఒక్క మాట, ఒక్క మాట అని ఉంటే, ఉద్యోగం గంగలో కలిసినా వచ్చేదాన్ని. పది రోజులు అమ్మ పక్కన పడుకునేదాన్ని. నేను ఆస్పత్రికి వచ్చేసరికి మొహం మీద దుప్పటి కప్పేశారు, పోస్టూ. ఇక్కడికొచ్చాక పొద్దున్నే ఆయన డబ్బాలో గింజలు వెయ్యడం చూశాను, ఆ గింజలు చూస్తే నా ఒళ్లు మండిపోయింది. చూసుకుని మురిసిపోవడానికి గింజలు కావాలి, పెళ్లాం రాసిన మాట అక్కర్లేదా అనిపించింది. కసి కొద్దీ పారేశాను. కసి కొద్దీ తోమాను."

"అది అమ్మ రాసిన ఆఖరి మాట! నువ్వెవరివి తోమడానికి?"

"అందులో ఉన్నది నేనే కదే!"

ఇద్దరూ అరుచుకున్నారు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని అక్క వెళ్లి తమ కిటికీ మూసేసింది. మూసినచోటే నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇప్పుడేం చేద్దాం?" అంది.

"చెప్పాలి."

"నీకు మతి పోయిందా? మూత తిప్పి చదివి ఉంటే అమ్మ కోరిక తీరేదని ఆయనకి తెలిస్తే బతుకుతాడా? అసలు ఆయన్ని నిలువునా కడిగెయ్యాలనే వచ్చాను. మూడు రోజులుగా ఆ మాటలే కూడబలుక్కుంటున్నాను. ఇప్పుడు చూస్తే, ఒక్క మాట చెబితే చాలు, మనిషి పోతాడు. నాకు నోరు రావట్లేదు."

"అబద్ధం చెప్తావా మరి?"

"నువ్వే ఏదో ఒకటి చెప్పు. నీకు అలవాటే కదా, కాస్త మెత్తగా మార్చి చెప్పడం."

అలవాటే. ఆ ఇంట్లో పదకొండేళ్లు పెద్ద గొడవ జరగలేదంటే ఆ అలవాటు వల్లే. కాని చిన్నమ్మాయికి ఇప్పుడు ఒకటే అనిపించింది. తను ఇంత సులువుగా మోసుకుపోకపోతే, ఎప్పుడో ఒకనాడు, ఏ ఉప్పు కోసమో తువ్వాలు కోసమో, వాళ్లిద్దరూ నేరుగా నోరు విప్పి ఉండేవాళ్లు కదా.

"నేను మొయ్యను అక్కా" అంది. "ఆ రాసింది నీ గురించి, చదివింది నువ్వు, తుడిచింది నువ్వు. నిజం చెప్తావో అబద్ధం చెప్తావో నీ ఇష్టం. నా నోటితో మాత్రం చెప్పించకు."

"రెండింటికి నా బస్సు."

"తెలుసు."

గుమ్మం పక్కన అక్క సంచీ సర్దే ఉంది. మెట్ల మీద అడుగులు వినిపించాయి.

* * *

నాన్న రెండు డజన్ల నిమ్మకాయలు తెచ్చాడు. ఆయాసపడుతున్నాడు. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి పక్కవాటావాళ్ల చెప్పు. ఇంకో రోజైతే ముగ్గురూ నవ్వుకునేవాళ్లు.

ఆయన బల్ల ముందు కూర్చుని కాయలు కోయడం మొదలుపెట్టాడు. చొక్కా జేబులోంచి వాచీల చిమటా తీసి, దాంతో ఒక్కొక్క గింజా ఊడదీసి డబ్బాలో వేస్తున్నాడు. పెద్దమ్మాయి ఎదురుగా కూర్చుని, కోసిన చెక్కల్లోంచి రసం పిండసాగింది. చిన్నమ్మాయి అమ్మ కుట్టుపెట్టెలోంచి పలచటి గుడ్డ ముక్క వెతికి తెచ్చింది.

గింజలు రెండు గుప్పిళ్లయ్యాయి. పెద్దమ్మాయి వాటిని గుడ్డలో వేసి, కట్టు కట్టినట్టు గట్టిగా ముడి బిగించింది.

"వదులుగా కట్టమను" అన్నాడు నాన్న చిన్నమ్మాయితో. "బిగిస్తే జిగురు బయటికి రాదు. లోపల గింజలు కదలాలి."

చిన్నమ్మాయి పెదవి విప్పలేదు.

నాన్న కాసేపు చూశాడు. పెద్దమ్మాయి కూడా చూసింది. చివరికి, ఎవరూ మోసుకురాకుండానే ఆ మాట విని, ముడి విప్పి వదులుగా కట్టింది.

మూట చిన్న గిన్నెలో, రసంలో, కొద్దిగా నీళ్లలో ఉడికింది. అరగంటకి పెద్దమ్మాయి దాన్ని పళ్లెంలోకి తీసి, గరిటె వెనకతో నొక్కింది. చిక్కగా, తెల్లగా, జిగటగా దిగింది. గరిటెకు అంటుకుని వదలదు. ముగ్గురూ వంగి చూశారు. అది ఆ జారిపోయే పాకంలో కలిపి, మళ్లీ పొయ్యి వెలిగించారు. గిన్నెలో చిన్న బుడగలు పోయి, పెద్దవి, బరువైనవి రావడం మొదలైంది. ఇల్లంతా అమ్మ ఉన్నప్పటి వాసన వేసింది. అది తట్టుకోవడం ముగ్గురిలో ఎవరివల్లా కాలేదు. ఎవరి దిక్కుకి వాళ్లు తిరిగారు.

నాలుగో సాసర్ ఐసులోంచి తీశారు. చుక్క వేశారు. పెద్దమ్మాయి వేలితో మెల్లగా తోసింది.

చుక్క మీద సన్నటి ముడత పడింది.

"కట్టింది" అంది ఆమె, ఎవరితోనో తెలియకుండా.

నాన్న ఆ ముడతనే చూస్తూ కూర్చున్నాడు. "ఇది గడ్డకట్టిన రోజున తీరిగ్గా చదువుదామనుకున్నాను" అన్నాడు. తరవాత తలెత్తాడు. చిన్నమ్మాయివైపు కాదు.

"పెద్దతల్లీ."

పదకొండేళ్ల తరవాత పిలిచిన పిలుపు.

"కడిగేముందు నువ్వు చూసే ఉంటావు. మూత మీద మీ అమ్మ ఏం రాసిందమ్మా?"

గోడ గడియారంలో ఒంటిగంట దాటింది. పెద్దమ్మాయి సాసర్ని బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది.

"గీతలే నాన్నా" అంది. "నాలుగు గీతలు. ఎప్పుడూ అడిగేవే."

నాన్న తల ఊపాడు. నిమ్మచెక్కల్ని ఒకపక్కకి జరిపాడు. చిమటా తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాలుగు గీతలైతే" అన్నాడు మెల్లగా, "నేను రోజూ లెక్కపెట్టుకునేవాణ్ణి. మీ అమ్మ పదకొండేళ్లలో ఒక్క అక్షరం రాయలేదు. ఈసారి అక్షరాలు రాసింది. అంతవరకు చూశానమ్మా. చూసి, భయపడి మూత పెట్టేశాను. ఏం తిట్టిందోనని."

ఆయన చొక్కాలోంచి భూతద్దం తీసి, మెడలోంచి దారం విప్పి, బల్ల మీద ఆమె ముందు పెట్టాడు.

"తిట్టే అయినా సరే. చెప్పు."

పెద్దమ్మాయి చెల్లెలి మొహంలోకి చూసింది. నువ్వు చెప్పవే అని ఆ కళ్లు బతిమాలాయి. చిన్నమ్మాయి స్టూలు మీంచి లేచి, పొయ్యి ఆపి, ఇద్దరికీ వీపు పెట్టి ఖాళీ సీసాలు తుడవడం మొదలుపెట్టింది.